బయటికి వెళ్ళినప్పుడు నాలుగేళ్ళ పాప గమనించి అడిగేవి: ఎంత చెప్పాలి, ఎలా రాసిపెట్టుకోవాలి?

తూనీగ (ప్రశ్న)

మా పాపకి నాలుగేళ్ళ మూడు నెలలు. మావేం పెద్ద ప్రయాణాలు కావు. బస్సులో వెళ్ళిరావడం, సాయంత్రం పార్కు, ఎప్పుడైనా ఆసుపత్రి, మెట్లు కదిలే పెద్ద షాపు. అంతే. కానీ గుమ్మం దాటితే చాలు, చూసినదాని మీద ఏదో ఒకటి అంటుంది. అందులో చాలావాటికి నా దగ్గర వెంటనే జవాబు ఉండదు. కొన్ని తను అన్నట్టే రాస్తున్నా.

"చందమామ మన వెనకాలే వస్తున్నాడు. మరి పక్కింటివాళ్ళ వెనకాల ఎవరెళ్తారు?"

"దగ్గర చెట్లు పరిగెడుతున్నాయి. కొండ నడుస్తోంది."

"నిన్న ఇక్కడ నీళ్ళున్నాయి కదా, ఎవరు తుడిచేశారు?"

ఎస్కలేటర్ దగ్గర: "మెట్లన్నీ పైకెళ్ళిపోతే కింద అయిపోవా?"

పార్కులో బెంచీ మీద ఒక్కరే కూర్చున్న పెద్దాయన్ని చూసి: "ఆ తాతకి ఎవరూ లేరా?"

చంకకర్రలతో నడుస్తున్న ఒకాయన్ని చూసి, అందరికీ వినపడేలా: "ఆ అంకుల్ కాలు ఏదీ?"

నాకు తెలియాల్సినవి ఇవి. సరైన కారణం ఈ వయసులో చెప్పాలా, లేక తన ఊహకే వదిలెయ్యాలా? చెప్తే ఎంత చెప్పాలి? మనుషుల గురించి గట్టిగా అనే మాటలకి అక్కడికక్కడ ఏం చెయ్యాలి? ఇవన్నీ రాసిపెట్టాలనుంది, ఎలా రాస్తే తర్వాత పనికొస్తుంది? చివరగా, ఇలా అడగడం వయసుకి మించిన తెలివా, మామూలేనా? ఎవరైనా వివరంగా చెప్పగలరా?

పలకాబలపం

ముందు మీ పాప మాటల్లో మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చెట్టు పరిగెత్తడం, కొండ నడవడం, చందమామ వెంటరావడం, మూడూ ఒకటే విషయం. మనం కదులుతుంటే దగ్గరున్నవి త్వరగా వెనక్కి పోతాయి, దూరమయ్యేకొద్దీ నెమ్మదిస్తాయి, మరీ దూరమైనది అసలు కదలనట్టే ఉంటుంది. కదలకపోతే వెంట వచ్చినట్టే కదా! 10 మీటర్ల దూరంలో సరిగ్గా మన పక్కనున్న స్తంభం, మనం 10 మీటర్లు నడిచేసరికి 45 డిగ్రీలు వెనక్కి పోతుంది. చందమామ సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం పక్కకి ఒక కిలోమీటరు నడిచినా, ఆ నడక వల్ల ఆయన తన వెడల్పులో 3,000వ వంతు కూడా జరగడు. ఈ అంకెలు మీకోసం, పాపకి చెప్పడానికి కాదు. పాపకి ఇందులో కావలసిన సగం తన కళ్ళతోనే దొరికింది. చెట్టుకీ కొండకీ తేడా పట్టుకుంది. మీరు చెయ్యాల్సిందల్లా ఆ వరసలో చందమామని కలపడమే.

ఎలాగంటే, చందమామ కనిపించే సాయంత్రం తిన్నగా ఉండే దారి ఎంచుకోండి. ఆయన మనకి ఎదురుగానో వెనకగానో కాదు, పక్కన ఉండాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ఎదురుగా ఉంటే దగ్గర వస్తువుకీ దూరపు వస్తువుకీ తేడా కనపడదు. అదే పక్కన దగ్గరగా ఒక స్తంభం, కాస్త దూరంగా ఒక మేడో నీళ్ళ ట్యాంకో, వాటి పైన చందమామ ఉండే చోట నిలబడి, మూడింటినీ పాప చేత వేలితో చూపించండి. పది అడుగులు వేసి ఆగి, "ఏది వెనక్కి పోయింది?" అనండి. స్తంభం అంటుంది. ఇంకో యాభై అడుగులు వేసి మళ్ళీ అడగండి. ఈసారి ట్యాంకు. చందమామ ఉన్నచోటే. అప్పుడు ఒక్క మాట: "చందమామ కొండకన్నా చాలా చాలా దూరం. అందుకే మనం ఎంత నడిచినా అక్కడే ఉన్నట్టుంటాడు." అక్కడితో ఆపండి.

పక్కింటివాళ్ళ సంగతికి ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు పాపతో ఈ చివరికి, ఇంకొకరు ఆ చివరికి నడవాలి. ఫోన్ చేసి "నీతో చందమామ వస్తున్నాడా?" అని పాప చేతే అడిగించండి. అవతలివాళ్ళు "నాతోనే వస్తున్నాడు" అంటారు. పాప మొహం చూడండి అప్పుడు. ఒకేసారి ఇద్దరి వెంట, ఎదురెదురు వైపులకి ఎలా వెళ్తాడు? ఈ చిక్కు తనకి తట్టడమే చాలు, ఆ రోజే విప్పనక్కర్లేదు. పిల్లలు చందమామ తమ వెంటే వస్తాడని నమ్మడం గురించి స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే 1920లలోనే రాశారు. ఏడెనిమిదేళ్ళ వయసులో కూడా కొందరిలో ఆ నమ్మకం మిగిలే ఉంటుంది. కాబట్టి ఒక్క నడకతో పోవాలని ఆశించకండి.

ఇక "ఎంత చెప్పాలి" అన్నదానికి నేను పాటించమనే వరస ఇది. ముందు ఆగి, పాప పక్కన గొంతుక్కూర్చుని, తను చూస్తున్నవైపే చూడండి. నాలుగేళ్ళ పిల్లల కళ్ళు నేలకి మీటరు లోపే ఉంటాయి. మీకు కనిపించేది వాళ్ళకి కనపడదు, వాళ్ళకి కనిపించేది మీకు అందదు. కారులోనైతే మరీను, కిటికీ అంచు పైనున్న ఆకాశమే కనిపిస్తుంది. తర్వాత "నీకెలా అనిపిస్తోంది?" అని ఒక్కసారి అడిగి, నోరు మెదపకుండా ఉండండి. మనసులో ఒకటి, రెండు, మూడు. ఈ మూడు సెకన్లు ఉత్తినే చెప్పట్లేదు. అమెరికాలో మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్ని పరిశీలించి చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను మాత్రమే. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు మౌనంగా ఉండటం వినడానికి తేలికే గానీ రోడ్డు మీద చేతిలో సంచులతో నిలబడినప్పుడు చాలా పొడుగ్గా అనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక్క వాక్యంలో జవాబు, ఆ వెంటనే చూడటానికి ఇంకొక్క వస్తువు. రెండో వాక్యం పాప అడిగితేనే.

సాయంత్రంనడక

పలకాబలపం గారు చెప్పిన దాంట్లో ఒక్క చోట నాకు అభ్యంతరం ఉంది. "నీకెలా అనిపిస్తోంది" అని తిరిగి అడగమనే సలహా ఇప్పుడు ప్రతిచోటా కనిపిస్తోంది. అది పట్టుకుని ప్రతి ప్రశ్ననీ పిల్లల మీదికే తిప్పికొట్టేవాళ్ళున్నారు. పిల్లలు నిజంగా తెలుసుకుందామని అడుగుతారు, కబుర్ల కోసం కాదు. 2009లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పనిలో ఇది స్పష్టంగా ఉంది. చిన్నపిల్లలకి "ఎందుకు" అన్నప్పుడు కారణం దొరికితే ఒప్పుకుంటారు, లేదా దాని మీద ఇంకో ప్రశ్న వేస్తారు. కారణం దొరక్కపోతే అదే ప్రశ్న మళ్ళీ అడుగుతారు, లేకపోతే సొంతంగా ఒక కారణం అల్లుకుంటారు. "ఎన్నిసార్లు చెప్పినా అదే అడుగుతుంది" అని విసుక్కునే ముందు, మనం కారణం చెప్పామా, లేక ఉన్న సంగతినే తిప్పి చెప్పామా అని చూసుకోవాలి. "నీళ్ళు ఎలా పోయాయి?" "ఎండిపోయాయి." ఇందులో కారణం లేదు, నీళ్ళు పోయాయనే మళ్ళీ చెప్పాం.

ఏది నిజమైన ప్రశ్న, ఏది ఆట అన్నది మొహం చూస్తే తెలిసిపోతుంది. నవ్వుతూ, గెంతుతూ, మీ వైపు చూస్తూ అంటే ఆట. అప్పుడు "చందమామకి నువ్వంటే ఇష్టం, అందుకే వస్తున్నాడు" అన్నా తప్పులేదు. కదలకుండా నిలబడి, వస్తువు వైపే చూస్తూ, కనుబొమలు ముడిచి అడిగితే మాత్రం అలాంటి జవాబు ఇవ్వకండి. అంత శ్రద్ధగా చూసి అడిగిన బిడ్డకి నిజం చెప్పాలి.

నీళ్ళ గుంటకి మాటలకన్నా సుద్దముక్క మేలు. సిమెంటు నేల మీద ఆగిన నీళ్ళు చూసుకోండి. మట్టి మీదైతే కొంత నేలలోకి ఇంకిపోతుంది, అప్పుడు రెండు కారణాలు కలిసిపోయి చెప్పడం కష్టం. గుంట చుట్టూ సుద్దతో గీత గీయించండి. నీటి అంచు మీదే గీస్తే సుద్ద తడిసి చెరిగిపోతుంది, వేలి వెడల్పు వదిలి పొడి నేల మీద గీయాలి. వెళ్ళే పని చూసుకుని తిరిగొచ్చేటప్పుడు లోపల ఇంకో గీత. ఎండగా ఉంటే గంటలోనే రెండు గీతల మధ్య ఎడం కనిపిస్తుంది. మబ్బుగా, గాలి లేకుండా ఉంటే సగం రోజైనా పట్టొచ్చు, అలాంటి రోజు మొదలుపెడితే పిల్లలకి ఆసక్తి పోతుంది. వాలుగా ఉన్న నేల కూడా వద్దు, నీళ్ళు ఒక పక్కకే జరుగుతాయి, పాప "పారిపోయాయి" అంటుంది. తన కళ్ళకి కనిపించినదాన్ని బట్టి అది సరైన మాటే.

వాన లేనప్పుడైతే ఒకే గ్లాసుతో ఎండలో ఒక చోట, నీడలో ఒక చోట చెరో 100 మిల్లీలీటర్లు పోసి చూడొచ్చు. రెండు చోట్లా నేల ఒకేలా ఉండాలి. ఒకటి నున్నటి పలక, ఒకటి గరుకు సిమెంటు అయితే పోలిక చెల్లదు. గరుకు నేల మీద నీళ్ళు పలచగా పరుచుకుని ముందే ఆరిపోతాయి.

"ఎవరు తుడిచారు" అన్నదానికి జవాబు: "ఎవరూ తుడవలేదు. నీళ్ళు కంటికి కనపడనంత చిన్నచిన్నగా విడిపోయి గాల్లోకి వెళ్ళిపోయాయి. ఎండ ఉంటే తొందరగా వెళ్తాయి." దీనికి సాక్ష్యం కావాలంటే ఇంట్లో రెండు ఒకే రకం గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, నీటిమట్టం దగ్గర టేపు అంటించి, ఒకదానికి పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టండి. రెండు మూడు రోజుల్లో తెరిచి ఉంచినది టేపు కిందికి దిగుతుంది. మూసినది దాదాపు అంతే ఉంటుంది, కాగితం లోపలివైపు చుక్కలు పట్టి ఉంటాయి. ఆ చుక్కల్ని పాప వేలితో తాకనివ్వండి. "గాల్లోకి వెళ్ళాయి" అన్న మాట అక్కడ నమ్మకం అవుతుంది.

మెట్లవరస

ఎస్కలేటర్ సంగతి నేను చెప్తాను. పాప అడిగింది చాలా చక్కటి లెక్క. పైకెళ్ళేవి వెళ్తూనే ఉంటే కింద అయిపోవాలి కదా. అయిపోవట్లేదంటే తిరిగొస్తున్నట్టే. ఎటువైపు నుంచి? మన కాళ్ళ కింది నుంచి. మెట్లన్నీ ఒక గొలుసుకి తగిలించి ఉంటాయి. పైకి చేరిన మెట్టు దువ్వెన పళ్ళలాంటి పలక కిందికి దూరి, తిరగబడి, అడుగున కిందికి ప్రయాణం చేసి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక్కో మెట్టుకీ రెండు జతల చక్రాలుంటాయి, అవి వేరువేరు పట్టాల మీద నడుస్తాయి. మధ్యలో ఆ పట్టాల ఎడం వల్ల మెట్టు మెట్టుగా నిలుస్తుంది. పైనా కిందా పట్టాల అమరిక మారి మెట్లన్నీ ఒకే మట్టానికి వస్తాయి, అందుకే అక్కడ చదునుగా కనిపిస్తుంది.

పాపకి చూపించాలంటే ఎక్కకండి. పక్కన, దారికి అడ్డం లేకుండా, రెండు మీటర్ల దూరంలో నిలబడి గీతో మరకో ఉన్న ఒక మెట్టుని గుర్తు పెట్టుకోమనండి. అది పైకి పోయాక మళ్ళీ కింద పుట్టేవరకు చూడండి. రద్దీగా ఉన్నప్పుడు కాళ్ళ మధ్య గుర్తు దొరకదు, షాపు తెరిచిన కొత్తలో అయితే వీలు. చేతిపట్టీ కూడా అలాగే తిరుగుతుంది, చాలాచోట్ల అది మెట్లకన్నా రవ్వంత వేగంగానో నెమ్మదిగానో జరుగుతుంది. చెయ్యి వేసి నిలబడితే పైకి చేరేసరికి చెయ్యి కాస్త ముందుకో వెనక్కో పోయి ఉంటుంది. దీన్ని పిల్లలు పెద్దవాళ్ళకన్నా ముందే పట్టుకుంటారు.

ఇంటికొచ్చాక రెండు పెన్సిళ్ళ చుట్టూ కాగితపు పట్టీ అంటించి, పట్టీ మీద ఒక చుక్క పెట్టి తిప్పండి. పట్టీ మరీ బిగుతుగా ఉంటే చిరుగుతుంది, వదులుగా ఉంటే జారుతుంది. పెన్సిళ్ళకి రబ్బరు బ్యాండు చుట్టి దాని మీద పట్టీ వేస్తే జారదు.

జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. "మెట్లు ఎక్కడికి పోతున్నాయి" అని చూసేందుకు పిల్లలు ఆ పళ్ళ పలక దగ్గర వంగుతారు, వేళ్ళు పెడతారు. మెత్తటి రబ్బరు చెప్పులు పక్క అంచుల్లో, పళ్ళ దగ్గర ఇరుక్కుంటాయి. మెట్టు మధ్యలో నిలబెట్టి, చెయ్యి పట్టుకుని, దిగేటప్పుడు కాలు ఎత్తి వెయ్యమనండి. లేసులు ముందే కట్టెయ్యాలి. ఎక్కే చోటా దిగే చోటా ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది, అది ఆపేది. ఎక్కడుందో మీరు ముందే చూసి పెట్టుకోండి.

నాలుగోకన్ను

మనుషుల గురించి గట్టిగా అనే మాటల సంగతి. పైవాటన్నిటికన్నా దీనికే ముందుగా సిద్ధపడాలి, ఎందుకంటే ఇక్కడ వినే మనిషి ఒకరున్నారు.

మొదటి మూడు సెకన్లలో పెద్దవాళ్ళు చేసేది పాప నోరు మూయడం, చెయ్యి పట్టి లాగెయ్యడం. అప్పటికే ఆయన విన్నారు. మీరు "ష్" అనగానే ఆయనకి అందేది, తన శరీరం పిల్లల ముందు మాట్లాడకూడని సంగతి అని. పాపకి అందేదీ అదే. అందుకే పాప ఏ గొంతుతో అడిగిందో అంతే మామూలు గొంతుతో, ఆయన విన్నా నొచ్చుకోని మాటలతో జవాబు చెప్పండి. "అవును, ఆయనకి ఒక కాలు లేదు. కర్రల సాయంతో నడుస్తున్నారు." పాప చూసింది నిజం, దాన్ని ఒప్పుకున్నారు. "ఎందుకు లేదు?" అంటే, "మనకి తెలీదు. అది ఆయన సొంత సంగతి, ఆయనకి చెప్పాలనిపిస్తే చెప్తారు." అంతటితో అడుగు ముందుకెయ్యండి.

చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి, మనకి అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తాయి. "పాపం" అనకండి. "మాట వినకపోతే అలాగే అవుతుంది" అస్సలు అనకండి. అది అబద్ధం, పైగా ఆ మనిషిని శిక్ష పడినవాడిగా పాప మనసులో నిలబెడుతుంది. "దేవుడు అలా చేశాడు" అన్నా పిల్లలకి భయమే మిగులుతుంది, నన్ను కూడా చేస్తాడా అని. ఆయన తరఫున మీరు కథ కల్పించకండి, "యాక్సిడెంట్ అయ్యుంటుంది" లాంటివి. ఆయన నవ్వి పలకరిస్తే పాపని మాట్లాడనివ్వండి. చక్రాల కుర్చీని, కర్రల్ని అడక్కుండా తాకకూడదని మాత్రం ముందే చెప్పి ఉంచాలి. ఆయన మొహం చిన్నబోతే ఒక్కసారి "క్షమించండి" అనండి, చాలు. రెండు నిమిషాల సంజాయిషీ ఆయన్ని ఇంకా ఇబ్బంది పెడుతుంది.

అదే రోజు ఇంటికొచ్చాక మళ్ళీ ఎత్తండి. అక్కడ అర్ధాంతరంగా ఆగిన ప్రశ్నకి ఇక్కడ నిదానంగా చోటివ్వాలి. కొందరు పుట్టుకతోనే అలా పుడతారు, కొందరికి జబ్బు వల్లో దెబ్బ వల్లో కాలు తీసెయ్యాల్సి వస్తుంది, నీకు అలా ఊరికే జరగదు. ఈ చివరి ముక్క తప్పకుండా చెప్పండి. పిల్లలు కాలు గురించి అడిగినప్పుడు చాలాసార్లు లోపల ఉన్న ప్రశ్న "నా కాలు కూడా పోతుందా" అనే.

మనుషుల గురించి అడగాలనిపిస్తే చెయ్యి రెండుసార్లు నొక్కి చెవిలో చెప్పమని ఒక గుర్తు పెట్టుకోవచ్చు. బయల్దేరే ముందు ఇంట్లోనే బొమ్మలతో ఆడి అలవాటు చెయ్యాలి. రోడ్డు మీద అప్పటికప్పుడు చెప్తే పట్టదు. నాలుగేళ్ళకి నోటిదాకా వచ్చిన మాటని ఆపుకోవడం కష్టం, సగం సార్లు మరిచిపోతుంది. తిట్టకండి.

బెంచీ మీద తాతగారి ప్రశ్న దీనికి పూర్తిగా వేరు. అది శరీరం గురించి కాదు, ఆయన లోపల ఏముందో అన్న ఆలోచన. ఎదుటివాళ్ళ మనసులో తనకి తెలియనిది ఉంటుందని, తను అనుకున్నదానికన్నా వేరేది ఉండొచ్చని పిల్లలకి నాలుగైదేళ్ళ మధ్యే తెలుస్తూ వస్తుంది. దీన్ని పరీక్షించే పద్ధతిని విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో ప్రచురించారు. మీ పాప సరిగ్గా ఆ గుమ్మం దగ్గర ఉంది. కాబట్టి "అవును పాపం, ఒంటరి" అని తలుపు మూసెయ్యకండి. "ఎవరికోసమైనా చూస్తున్నారేమో. నడిచి అలిసిపోయి కూర్చున్నారేమో. ఒక్కరే కూర్చోవడం ఇష్టమేమో. నీకేం కనిపిస్తోంది?" అనండి. పక్కన సంచి ఉందా, గేటు వైపు చూస్తున్నారా, కళ్ళు మూసుకున్నారా, పాదాలు ఊపుతున్నారా. వేలు చూపించకుండా, తేరిపార చూడకుండా ఎలా గమనించాలో కూడా అప్పుడే నేర్పొచ్చు. ఏది నిజమో తేల్చనక్కర్లేదు, ఆయన్ని అడిగితే తప్ప మనకీ తెలీదు.

తూనీగ

అందరికీ కృతజ్ఞతలు. నాలుగోకన్ను గారూ, "నా కాలు కూడా పోతుందా" అన్నది నాకు తట్టనేలేదు. రాసిపెట్టుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోతుందా? ఇంకొకటి, నిన్న పొద్దున్న "రాత్రి అయిపోయింది కదా, చందమామ ఎందుకు ఇంటికెళ్ళలేదు?" అంది. పగటిపూట చందమామకి ఏం చెప్పాలి?

పలకాబలపం

రికార్డింగు వద్దు. గంట రికార్డింగులోంచి నాలుగు మాటలు వెతికి రాసుకోవడానికి గంటకన్నా ఎక్కువే పడుతుంది, ఎవరూ చెయ్యరు. అందులో దారినపోయేవాళ్ళ మాటలు కూడా పడతాయి. ఫోన్ ఎత్తి పట్టుకోగానే పాప వస్తువుని వదిలేసి ఫోన్‌ని చూస్తుంది, అది అన్నిటికన్నా పెద్ద నష్టం.

చిన్న నోటుపుస్తకం చాలు. దారిలో అయితే ముఖ్యమైన రెండు మూడు పదాలే ఫోన్‌లో కొట్టుకోండి, "చెట్లు పరుగు, కొండ నడక" అని. పూర్తి వాక్యం ఆ గంటలోపే రాసెయ్యాలి. రాత్రికి వాయిదా వేస్తే మన బుర్ర పాప మాటని పెద్దవాళ్ళ వాక్యంగా దిద్దేస్తుంది. "కొండ నడుస్తోంది" కాస్తా "కొండ నెమ్మదిగా కదులుతున్నట్టుంది" అయిపోతుంది, అసలు సరుకు పోతుంది. తప్పులు, పదాల వరస, ముద్దుపలుకులు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

ఒక్కోదానికీ తేదీ, పాప వయసు (4 ఏళ్ళ 3 నెలలు అని, "నాలుగేళ్ళు" అని కాదు), ఎక్కడ, అప్పుడు కళ్ళ ముందు ఏముంది, అంతకుముందు ఎవరేమన్నారు, పాప మాట, మీ జవాబు, ఆ జవాబుకి పాప ఏమంది. చివరిదే అందరూ వదిలేస్తారు. నిజానికి మీ జవాబు పని చేసిందో లేదో తెలిసేది దానివల్లే. "ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంటా" అనకండి. రెండోసారి చెప్పేది మీ కోసం చెప్పేది. చుట్టాల ముందు చదివి నవ్వుకోవడం కూడా వద్దు, ఆ నవ్వు తర్వాత కొందరు పిల్లలు మాట తగ్గించేస్తారు, కొందరు నవ్వించడానికే మాట్లాడతారు. నెట్‌లో పెట్టాలనిపిస్తే పేరు, ఫోటో, బడి, తిరిగే చోట్లు లేకుండా పెట్టండి.

అయిదారు నెలలకోసారి మొదటినుంచి చదివితే పాప దేని చుట్టూ తిరుగుతోందో కనిపిస్తుంది. మీరు రాసిన కొద్దిలోనే నాకు కనిపిస్తోంది: నీళ్ళు ఎటు పోయాయి, మెట్లు ఎటు పోయాయి, కాలు ఏదీ, పక్కింటివాళ్ళ వెనకాల ఎవరు. కనపడకుండా పోయినవి ఎక్కడున్నాయన్నదే తన ధ్యాస. అది తెలిస్తే బయటికెళ్ళినప్పుడు ఏం చూపించాలో మీకే తడుతుంది. మురుగు జాలీలోకి పోయే వాననీళ్ళు, సొరంగంలోకి వెళ్ళి అవతల తేలే రైలు, పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం.

తెలివి సంగతి: ఈ వయసులో ఇలాంటి ప్రశ్నలు మామూలే, మెచ్చుకోదగ్గవే. కొలిచి పేరు పెట్టాల్సిన పనిలేదు. "అబ్బ ఎంత తెలివి" అనేకంటే "కొండ నెమ్మదిగా పోతోందని నువ్వే చూశావే" అనండి, ఏం చేసిందో తనకి తెలుస్తుంది. ఇక్కడ వేరే ఉపయోగం ఒకటుంది. దూరంగా ఉన్నవాటి గురించి పిల్లలు ఎప్పుడూ ఏమీ అనకపోతే, తల ఒరగేసో కళ్ళు చికిలించో చూస్తుంటే కంటి పరీక్ష చేయించాలి. వెనకనుంచి వచ్చే శబ్దాల ఊసే లేకపోతే, మాటిమాటికీ "ఏంటి?" అంటుంటే చెవి పరీక్ష. మీరు రాసినదాంట్లో అలాంటి గుర్తులేవీ నాకు కనపడలేదు.

సాయంత్రంనడక

పగటి చందమామకి జవాబు: "చందమామ రాత్రి మాత్రమే రాడు. పగలు కూడా వస్తాడు, వెలుగు ఎక్కువ కాబట్టి మనం గమనించం." ఆయన సుమారుగా రోజులో సగంసేపు ఆకాశంలో ఉంటాడు, ఏ రోజుకారోజు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పౌర్ణమి నాడు సూర్యుడు అస్తమించే వేళకి వస్తాడు, అందుకే ఆ రోజు పగలు వెతికితే దొరకడు. పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా పొద్దున్న ఏడూ ఎనిమిది మధ్య ఆకాశంలో పడమటి సగం చూడండి. సాయంత్రం తిరిగేవాళ్ళైతే పౌర్ణమికి ఎనిమిది రోజుల ముందు నుంచి మూడు రోజుల ముందు దాకా, నాలుగైదు గంటలకి తూర్పు సగంలో. అమావాస్యకి ముందూ వెనకా రెండు మూడు రోజులు వదిలెయ్యండి, ఆయన సూర్యుడికి దగ్గరగా ఉంటాడు, అటు వెతకడం కళ్ళకి ప్రమాదం. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని, చలవ కళ్ళద్దాలతో కూడా చూడకూడదని ఇలాంటి ప్రతి ఆటకి ముందూ చెప్పండి.

పగటి చందమామ దొరికిన రోజు ఒక బంతి తీసుకెళ్ళండి. తెల్లగా, మెరుపు లేకుండా, నిమ్మకాయంత ఉంటే చాలు. టేబుల్ టెన్నిస్ బంతిలోంచి వెలుతురు కాస్త చొరబడుతుంది, మట్టితో ఉండ చేసి ఆరాక తెల్లరంగు వేస్తే బాగా కుదురుతుంది. పాప ఎండలో నిలబడాలి, బంతి మీద కూడా ఎండ పడాలి. చెయ్యి బారుగా చాచి చందమామ పక్కనే బంతి పట్టుకోమనండి. బంతి మీద ఎంత మేర ఎండ పడుతోందో, చందమామలో అంతే వెలుగుతూ కనిపిస్తుంది. సగం చందమామ ఉంటే బంతి కూడా సగమే తెల్లగా ఉంటుంది, అదీ అదే పక్క. బంతిని చందమామకి దూరంగా జరిపితే ఆకారం మారిపోతుంది, కాబట్టి పక్కనే ఉండాలి. చెట్టు నీడో కరెంటు తీగ నీడో బంతి మీద పడినా కుదరదు. పాప చెయ్యి అలిసి కిందికి దిగిపోతుంటుంది, మోచెయ్యి కింద మీ అరచెయ్యి పెట్టండి. మీరు చూడాలనుకుంటే మాత్రం తల పాప తల పక్కకి వచ్చేలా వంగాలి, నిలబడి చూస్తే మీ కంటికి బంతి, చందమామ పక్కపక్కన ఉండవు.